నాయిన పేరున్న పురుగు

15 జూన్ 1998

కాలేజీ తెరిచారు. మొదటి రోజే వాన. సంగారెడ్డి బస్టాండులో దిగి కాలేజీ గేటు చేరేసరికి కుచ్చిళ్లన్నీ బురద. జువాలజీ లాబ్ కప్పు ఈసారి ఇంకో చోట కారుతోంది. పోయినేడు కారిన చోట పొడిగా ఉంది... ఎవరు బాగుచేశారో దేవుడికే తెలియాలి.

ప్రిన్సిపాల్ గారు పిలిచి, లెక్చరర్ నుంచి రీడర్‌గా ప్రమోషన్ ఫారం చేతిలో పెట్టారు. "మీరు పెట్టాలె మేడమ్. ఈ కాలేజీల మీకు గాకుంటే ఇంకెవరికున్నయి పేపర్లు?"

పదకొండు పేజీల ఫారం. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు నన్ను. ప్రచురించిన పరిశోధన పత్రాలు ఎన్ని. కనుగొన్న కొత్త జాతులు ఎన్ని. మీ పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారు, స్వయంగా ఉదహరించుకున్నవి మినహాయించి. గడువు అక్టోబరు నెలాఖరు.

16 జూన్

పత్రాలు తొమ్మిది. అందులో ఏడు, సముద్రం ఒడ్డున పీహెచ్‌డీ చేసిన ఐదేళ్లవి. పెళ్లయి పటాన్‌చెరు వచ్చాక పన్నెండేళ్లలో రెండు. సముద్రానికి ఇంత దూరంలో సముద్ర జీవశాస్త్రం... రెండన్నా వచ్చాయి, అదే గొప్ప.

కొత్త జాతులు: ఒకటి. ఉప్పుటేటి బురదలో దొరికిన పురుగు.

ఉదహరింపులు: తెలీదు. ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. (అబద్ధం. పత్రం కాపీ కావాలంటూ దేశదేశాల నుంచి వచ్చిన కార్డులన్నీ లెక్కపెట్టి దాచుకున్నాను.)

20 జూన్

హైదరాబాద్ వెళ్లాను, పెద్ద లైబ్రరీకి. సైటేషన్ ఇండెక్స్ సంపుటాలు ఒక అలమార నిండా ఉన్నాయి. ఒక్కోటి టెలిఫోన్ డైరెక్టరీ కన్నా లావు, అక్షరాలు చీమ తలకాయంత. ఏడాదికి ఇన్ని సంపుటాలు. రాసినవాడి పేరు వెతకాలి, దాని కింద ఆ ఏడు అతన్ని ఎవరెవరు తలచుకున్నారో ఉంటుంది. లాబ్‌లో పురుగుల కోసం వాడే భూతద్దం తీసుకెళ్లడం మంచిదైంది.

1988లో నా పేరు ఉంది. ఒక లైను. 89లో రెండు. 90లో లేదు... ముందు పేజీలూ వెనక పేజీలూ తిరగేశాను. పేరులో ఒక అక్షరం తప్పు పడి, వేరే పేజీలో ఉన్నాను. దొరికాను!

నాలుగు గంటలు నిలబడే చూశాను. మొత్తం ఇరవై ఒకటి. అందులో పదిహేడు ఒక్క పత్రానివే, ఆ పురుగు పత్రానివి. నార్వే, జపాన్, బ్రెజిల్, ఆస్ట్రేలియా.

లైబ్రేరియన్ దగ్గరికొచ్చి ఏమైనా కావాలా అన్నాడు. నాలో నేనే నవ్వుకుంటున్నానట.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ సీటు, పొట్లంలో వేడి పల్లీలు. లింగంపల్లి దాటాక వాన. చాలా సంతోషంగా ఉంది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమా అని సిగ్గుగానూ ఉంది.

21 జూన్, ఆదివారం

ఆరాధన అయ్యాక నాయిన జిన్నారం నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. గుమ్మంలోనే —

"ఏమాయె బిడ్డా? ఎంతమంది రాసిండ్రు?"

"పదిహేడు మంది నాయినా."

"అన్నీ నా పురుగు మీదనేనా?"

"అన్నీ నీ పురుగు మీదనే."

కుర్చీలో కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు. "బ్రెజిల్ల గూడ రాసిండ్రా? గాళ్లు నా పేరు ఎట్ల పలుకుతరో ఏమో."

కొత్త జాతికి మనకు నచ్చిన మనిషి పేరు పెట్టుకోవచ్చు. పురుగు ఇంటిపేరు దాని వంశానిదే. పేరు మటుకు నేను పెట్టాను, రత్నమి అని. జిన్నారం బడికి హెడ్మాస్టరుగా చేసిన రత్నం సార్, మా నాయిన పేరు. నన్ను సముద్రం దాకా చదివించినందుకు. ఆ పత్రం కాపీ ఒకటి నాయిన ప్లాస్టిక్ కవర్లో వేసి చర్చి పాటల పుస్తకంతో పాటు సంచీలో పెట్టుకుని తిరుగుతాడు. ఇంగ్లీషు చదవగలడు కానీ అందులో ఒక్క మాటే చదువుతాడు.

2 జూలై

ఇవాళ ఒక కార్డు, పోర్చుగల్ నుంచి. 'దయచేసి మీ పత్రం కాపీ పంపగలరు' అని అచ్చు కార్డు, ఖాళీలో నా పేరు చేత్తో రాసి. పదేళ్ల కింద ఇలాంటివి వారానికొకటి వచ్చేవి. ఇప్పుడు ఏడాదికి రెండు.

మా ఆయన డేవిడ్ నైట్ షిఫ్టు దిగి బొల్లారం నుంచి కంపెనీ బస్సులో వచ్చాడు. మొహం కడుక్కోకముందే కార్డు గిన్నెలో నీళ్లలో వేశాడు, స్టాంపు ఊడదీయడానికి. మందుల ప్లాంట్‌లో ఇంత పెద్ద కెమిస్టు, స్టాంపు చిరిగితే పూటంతా అలుగుతాడు. ఆయన లెక్కలో నా పరిశోధన అంటే ముప్ఫై రెండు దేశాల స్టాంపులు.

11 జూలై

గాలి అటు తిరిగింది. ఫ్యాక్టరీ వాసన లేదు. బట్టలు డాబా మీద ఆరేశాను.

18 జూలై

నార్వే నుంచి ఉత్తరం! నా పత్రాన్ని మొదట ఉదహరించిన పెద్దాయనే. ఈ వంశం పురుగులన్నింటి మీద పెద్ద గ్రంథం రాస్తున్నాడట, ఇరవై ఏళ్ల పని. అందులో రత్నమికి ఒక నిండు పేజీ. తోక బొమ్మ ఇంకా స్పష్టంగా కావాలట. 'మీ జాతి మొత్తం ఆ పొట్టి లేతరంగు తోక మీదే నిలబడి ఉంది కనుక.' చేర్చవలసినవి, దిద్దవలసినవి ఏమైనా ఉంటే నవంబరు మధ్యలోగా తెలపమన్నాడు.

నిండు పేజీ. ఇక ఆ గ్రంథం ఉన్నన్నాళ్లూ అందరూ దాన్నే చూస్తారు, దాన్నే ఉదహరిస్తారు.

డేవిడ్ ఉత్తరం అందుకుని, "మంచిగున్నది" అన్నాడు. స్టాంపు గురించి.

9 ఆగస్టు, ఆదివారం

భోజనానికి నూకరాజును తీసుకొచ్చాడు డేవిడ్. ప్లాంట్‌లో కొత్తగా చేరాడు, శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు మనిషి. చేపల్లేక చిక్కిపోతున్నాడని జాలి. చెరువు చేప పులుసు పెట్టాను. మర్యాదగా తిన్నాడు. చెరువు చేపని సముద్రం వాడు ఎలా తింటాడో అలా.

చెయ్యి కడుక్కుని వస్తూ గోడ మీది బొమ్మ ముందు ఆగాడు. నేను గీసిన రత్నమి బొమ్మ, నాయిన పట్టుబట్టి ఫ్రేము కట్టించింది.

"ఇది మా ఎర పురుగు కదండీ మేడమ్ గారూ! ఎవరో తోక తుంపీసినారు దీనికి."

నవ్వాను. తుంపలేదు, దాని తోకే అంత అన్నాను.

"కాదండీ. మావు దీన్ని సంపమండి. తోక్కాడికి తుంపీసి గాలానికి గుచ్చీసి, తలకాయి మళ్లీ బురదలో వదిలీస్తాం. నెల్లాళ్లకి మళ్లీ ఎదుగుద్ది, మళ్లీ తుంపుకుంటాం. లేపోతే పురుగులు అయిపోవా? కొత్త తోక ఇలాగే పొట్టిగా, తెల్లగా ఉంటాది. మా సిన్నపిల్లల్నడిగినా సెప్తారు."

ఏ ఉప్పుటేరు మీది అని అడిగాను. చెప్పాడు. అప్పట్లో నేను పురుగుల కోసం తవ్విన చోటు దానికి రెండు మైళ్లు అవతల.

పెరుగు వడ్డించాను. ఇంకా ఏదో మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

10 ఆగస్టు

మూడో పీరియడ్ తర్వాత లాబ్ తలుపు వేసుకుని సీసా దించాను. ఎనిమిది దొరికాయి అప్పుడు. ఒకటి మ్యూజియానికి ఇచ్చాను, ఏడు ఇక్కడున్నాయి. ఏడూ ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద.

ఉంది. వెనక భాగంలో ఒకచోట వలయాలు ఒక్కసారిగా సన్నబడ్డాయి. రంగు అక్కడే ఆగింది. ఆ చోట చిన్న మడత... అతుకు. బల్లికి తోక తెగి మళ్లీ వస్తే ఎలా ఉంటుందో అలాగే. ఏడింటికీ.

తోక తెగితే పెరుగుతుందని నాకు తెలీకపోలేదు. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. కానీ ఎనిమిదికి ఎనిమిదీ ఒకే కొలత. ప్రమాదంలో తెగినవైతే తలో పొడవూ ఉండాలిగా? ఒకేలా ఉన్నాయి కనుకే అది పుట్టుకతో వచ్చిన లక్షణం అని రాశాను. గైడు గారూ అవునన్నారు. పత్రిక వాళ్లూ అవునన్నారు.

ఒకేలా ఉన్నాయి, ఎందుకంటే ఆ ఊరివాళ్లు అన్నింటినీ ఒకే వారం తుంపారు.

అంతే.

11 ఆగస్టు

ఎవరికీ చెప్పలేదు.

13 ఆగస్టు

నా మీద నాకే ఒళ్లు మండుతోంది. అప్పుడు ఇరవై ఐదేళ్ల పిల్లని, భుజానికి సంచీ, నెత్తికి టోపీ. ఆ ఒడ్డున వాళ్లు ఎంత బాగా చూసుకున్నారు నన్ను. మోకాలి లోతు బురదలో చెయ్యి పట్టుకుని నడిపించారు. ఎక్కడ దొరుకుతాయి అని అడిగాను, చూపించారు. మీరు వీటిని ఏం చేస్తారు అని మాత్రం అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, వాళ్లని అడిగేదేముంది.

అడిగితే ఒక్క నిమిషం పని.

22 ఆగస్టు

డేవిడ్‌తో చెప్పేశాను. కట్ట విప్పినట్టు మొత్తం. టీ చల్లారేదాకా విన్నాడు.

"ఎవరికి దెలుస్తది సుగుణా? నూకరాజుకు సైటేషన్ అంటే ఏందో ఎర్కనా?"

"నాకు ఎర్క గద."

"ప్రమోషన్ వచ్చేదాంక ఆగు మరి."

లేచి వెళ్లిపోయాను వంటింట్లోకి. గిన్నెలు కావాలనే చప్పుడు చేశాను. ఒక గంట తర్వాత వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "మా దగ్గర బ్యాచ్ ఫెయిలైతె రాసి పెడ్తం. పరేషాన్ అయినా రాసి పెడ్తం. దాచిపెట్టి ఇంకో దాంట్ల కలిపితే గదీ ఖరాబైతది."

మొదటే ఆ మాట అనొచ్చు కదా మనిషి.

ఆ తర్వాత ఇద్దరం క్యారమ్స్ ఆడాం. ఓడిపోయాను.

30 ఆగస్టు

డేవిడ్ అన్న ఆ పాడైన బ్యాచ్ ఇంకోదాంట్లో అప్పటికే కలిసిపోయింది. బ్రెజిల్ ఆయన పంపిన పత్రం మళ్లీ తీసి చదివాను. 'రత్నమి వలెనే పొట్టి తోక గల' అంటూ అక్కడ ఇంకో కొత్త జాతి పుట్టించాడు. దాని పేరు వాళ్లావిడది. నా తప్పుకు సంతానం కలిగింది. ఆ ఊళ్లోనూ ఎర కోసం తుంపుతారేమో, ఆయనా అడగలేదేమో.

పదిహేడు మందిలో ఎందరు ఇలా... అన్నీ దగ్గర లేవు. పోయిన జూన్‌లో ఏ లైన్లు చూసి నవ్వానో అవే లైన్లు.

అయినా ఇవాళ ఆకలి బాగా వేసింది. జొన్నరొట్టె, గోంగూర. రెండు రొట్టెలు తిన్నాను.

13 సెప్టెంబర్, ఆదివారం

జిన్నారంలో నాయిన డెబ్బై ఏళ్ల కృతజ్ఞతా కూడిక. వాకిట్లో షామియానా, పాస్టరు గారి ప్రార్థన, బగారా అన్నం. సంఘమంతా వచ్చింది. వద్దు వద్దంటూనే నాయిన లేచి నిలబడ్డాడు, లేవకుండా ఉంటాడా.

"నేను సముద్రం సూడలే. నా బిడ్డ సూశింది. కానీ నా పేరు గా నీళ్లల్ల ఉన్నది. దేవుడు నాకు సొరచేపను ఇయ్యలే, తిమింగలాన్ని ఇయ్యలే. పురుగును ఇచ్చిండు. అయినా సముద్రం సముద్రమే గద! పదిహేడు దేశాలల్ల రాసిండ్రు నా పేరు."

పదిహేడు దేశాలు కాదు నాయినా, పదిహేడు పత్రాలు. లేచి దిద్దలేదు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను.

అమ్మ మెల్లగా, "ఏందే గట్లున్నవ్?" అంది. తలనొప్పి అన్నాను.

20 సెప్టెంబర్

నార్వే ఆయనకు ఉత్తరం. మూడు చిత్తు ప్రతులు. మొదటిది మరీ ఏడుపు. రెండోది మరీ పొగరు. మూడోదాంట్లో నాలుగే వాక్యాలు: ఈ తోకలు తుంపగా తిరిగి పెరిగినవి. ఏడు నమూనాల్లోనూ అతుకు కనబడుతోంది. మిగతా అన్ని లక్షణాలూ వందేళ్ల కిందటి ఫలానా పాత జాతివే కనుక నా జాతి చెల్లదు. దయచేసి గ్రంథంలో అలాగే రాయండి.

మూడోదే పంపాలి. పంపలేదు. నాయినకు చెప్పకుండా ఎట్లా పంపను? ఆ పేరు నేనిచ్చిందే కావచ్చు, పదకొండేళ్లుగా పెట్టుకుని తిరుగుతున్నది ఆయన.

23 సెప్టెంబర్

ఇంకో వింత. ఈ దిద్దుబాటును పత్రంగా అచ్చేస్తే నా లెక్కలో పదో పత్రం అవుతుంది. దాన్నీ అందరూ ఉదహరిస్తారు, 'సుగుణ తప్పు చేసింది, సుగుణే దిద్దింది' అని, రెండు పత్రాలూ కలిపి. ఇండెక్స్ వాడు మంచికి తలచుకున్నారా, తిట్టడానికి తలచుకున్నారా అని అడగడు. ఒప్పు రాసిన ఎనిమిది పత్రాలకు కలిపి నలుగురు. తప్పు రాసిన దానికి పదిహేడు.

ఎంతసేపు నవ్వానో. స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ ఏంటో చెప్పమంది. మొత్తం చెప్పేసరికి రాత్రి భోజనాల టైము అవుతుంది.

3 అక్టోబర్

సంగారెడ్డిలో ఎవరిదో పెళ్లి. నాయిన గంజి పెట్టిన చొక్కాతో కాలేజీకి వచ్చాడు, నన్ను చూసి పోదామని. శనివారం మధ్యాహ్నం, లాబ్ ఖాళీ. ఇంతకన్నా మంచి టైము రాదు. స్టూలు వేసి కూర్చోబెట్టాను.

"నాయినా, గా పురుగు తప్పు."

"ఏం తప్పు జేసింది?"

"అది జెయ్యలే. నేను జేసిన."

చెప్పాను. తోక, ఎర, నూకరాజు, అతుకు. బడిలో పిల్లవాడు పాఠం ఒప్పజెబుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ వినేవాడు, అలాగే విన్నాడు.

"ఏడు సూశినవా?"

"ఏడు."

"ఏడింట్ల ఒక్కటన్న మంచిది లేదా?"

"లేదు నాయినా."

చొక్కా జేబులోంచి రుమాలు తీసి అద్దాలు తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"మరిప్పుడు దానికి ఎవరి పేరు?"

"ఎవరో పాతకాలం దొర పెట్టిన పేరుంది. ఇగ గదే."

"నా పేరు మొత్తం తీసేస్తరా?"

"తియ్యరు. కింద సన్నగ రాస్తరు, గీ పేరు చెల్లదు అని."

"హాజరు పట్టీల కొట్టేసిన పేరు లెక్క." కొంచెం నవ్వాడు. "నేను గూడ శానమందివి కొట్టేసిన."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. నలభై దగ్గర పడ్డ మనిషిని, ఫార్మలిన్ వాసన మధ్య నిలబడి ముక్కు చీదుకుంటూ. నాయిన ఊరుకోబెట్టలేదు. ఎప్పుడూ ఊరుకోబెట్టడు.

"దిద్దెటప్పుడు ఏడుస్తరా ఎవరన్న? ఏడిస్తే గీత వంకర పోతది." తర్వాత, "సూపియ్యి" అన్నాడు.

"ఏంది?"

"పురుగును. బొమ్మ తప్ప ఎన్నడన్న సూపిచ్చినవా నువ్వు?"

నిజమే. పదకొండేళ్లలో ఒక్కసారి చూపించలేదు. ఒకదాన్ని గాజు పళ్లెంలో పెట్టి మైక్రోస్కోపు సర్దాను. అద్దాలు తీసి, ఒక కన్ను మూసి వంగాడు. వెలుతురు ఎక్కువ చేయమన్నాడు. పక్కన కాళ్లలా ఉన్నవి ఏమిటన్నాడు, వాటితోనే ఈదుతుందని చెప్పాను. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. బయట సైకిల్ స్టాండులో పిల్లలు అరుస్తున్నారు.

"ఎంత మంచిగున్నది బిడ్డా" అన్నాడు, కన్ను దానిమీదనే ఉంచి. "నా పేరు లేకున్నా."

బస్సెక్కించి వచ్చాను. పెళ్లి లడ్డూ ఒకటి నా చేతిలో పెట్టి పోయాడు.

4 అక్టోబర్

ఎన్ని రోజుల తర్వాతో కంటినిండా నిద్ర. తొమ్మిదింటికి లేచాను. డేవిడే ఉప్మా చేశాడు. ఉప్పు ఎక్కువ. రెండోసారి పెట్టించుకున్నాను.

12 అక్టోబర్

ఉత్తరం పోస్టు చేశాను. ఎయిర్ మెయిల్. పటాన్‌చెరు పోస్టాఫీసులో నార్వే అంటే ఎక్కడుందని అడిగింది కౌంటర్లో అమ్మాయి. పైన, చలి ఉంటుంది అన్నాను.

14 అక్టోబర్

ఫారం ఇచ్చేశాను. కొత్త జాతులు అన్న గడిలో సున్నా. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"మేడమ్, పోయిన ఇన్‌స్పెక్షన్‌ల ఒకటి అని రాసిండ్రు గద. ఇది పొరపాటా?"

"లేదు సార్. పొరపాటు పోయినసారి రాసింది."

ఆయనకు అర్థం కాలేదు. "ఇట్లయితే కష్టమైతది మేడమ్. కమిటీల మన జిల్లాకు ఒక్కటే పోస్టు." తెలుసు సార్ అన్నాను. ఉదహరింపులు ఇరవై ఒకటి అని మాత్రం రాశాను. అది నిజమే కదా. ఎందుకు ఉదహరించారో రాయడానికి గడి లేదు. పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాను: పదిహేడు, ఇప్పుడు చెల్లని జాతికి సంబంధించినవి. కమిటీ ముందు నా ఫారానికి అంతకన్నా చేటు ఏముంది.

25 అక్టోబర్, ఆదివారం

నూకరాజు వచ్చాడు. ఈసారి చెరువు చేప పెట్టలేదు. నాటుకోడి. దిద్దుబాటు పత్రం చివర కృతజ్ఞతల్లో నీ పేరు రాస్తాను, నువ్వే చెప్పావు కనుక, అన్నాను.

కోడి ముక్క పక్కన పెట్టి కంగారు పడ్డాడు. "నా పేరెందుకండీ మేడమ్ గారూ? మా ఊరంతటికీ తెల్సిందే కదండీ అది."

"ఊరంతటికి తెలుసు. ఊరు దాటి ఎవరికీ తెలీదు."

ఇంటిపేరుతో సహా రాసిచ్చాడు, పొందికైన అక్షరాలు. సీతాఫలాలు తెచ్చాడు సంచీ నిండా, జిన్నారం రోడ్డు మీద కొన్నవి. సీజన్ ఇంకో వారమే.

8 నవంబర్, ఆదివారం

ఆరాధన జిన్నారంలో. బయట చెప్పులు వేసుకుంటుంటే పాస్టరు గారు నవ్వుతూ, "రత్నం సార్, మీ పురుగు ఎట్లున్నది?" అన్నారు. చుట్టూ పదిమంది. నా కాళ్లు చెప్పుల్లో దూరలేదు.

నాయిన గొంతు అదే, కూడికనాడు ఉన్నంత గట్టిగా, ఇంకా కొంచెం గట్టిగా.

"అది నాది గాదని తేలింది అయ్యగారూ! ఎవరు తేల్చిండ్రనుకుంటున్నరు? దొరలకు దొరకలే, జపానోళ్లకు దొరకలే. పదిహేడు మంది సూశిండ్రు, ఒక్కనికి గూడ దొరకలే. మా బిడ్డనే పట్టుకున్నది!"

పాస్టరు గారు నా వైపు చూశారు, మెచ్చుకోవాలో ఓదార్చాలో తెలియక. నాయిన అప్పటికే పక్కనున్న కృప టీచరుకు మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఎర దగ్గర్నుంచి. తోక ఎలా తుంపుతారో చేత్తో చూపిస్తున్నాడు. ఒక వారంలో ఈ మండలమంతటికీ తెలుస్తుంది నా తప్పు. ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

19 నవంబర్

నార్వే నుంచి జవాబు. రెండు పేజీలు, టైపు చేసింది. నిలబడే చదివాను, మళ్లీ కూర్చుని చదివాను.

ఇలాంటి ఉత్తరం నలభై ఏళ్లలో తనకు రెండోదట. తోక సంగతి ఒప్పుకున్నాడు. ఆ పేజీ తీసేస్తున్నాడు. ఇక్కడిదాకా నేను అనుకున్నదే.

రెండో పేజీ. మీ పురుగు మిగతాదంతా ఆ పాత జాతే అని దేన్ని బట్టి అన్నారు? ఆ దొర వేసిన బొమ్మను బట్టి అయితే అది నమ్మదగింది కాదు. పోయిన నెల ఆ దొర దాచిన అసలు నమూనాను మ్యూజియంలో స్వయంగా కోసి చూశాను. దవడకు ఎనిమిది పళ్లున్నాయి. మీ పత్రంలో 'దవడ పాత జాతిలాగే' అని మాత్రం ఉంది. పళ్లు ఎన్ని?

పత్రం తీసి చూశాను. 'పాత జాతిలాగే.' అంతే. లెక్కపెట్టలేదు. అందరం తోకనే చూశాం. నేను, గైడు గారు, పదిహేడు మంది, ఆఖరికి పోయిన ఆగస్టులో తలుపేసుకుని కూర్చున్నప్పుడు కూడా నేను.

ఒకదాన్ని కోయాలి. ఏడింట్లో అన్నింటికన్నా పాడైంది ఏదో ఎంచుకోవాలి. దవడ ఆవగింజలో సగం ఉంటుంది, లోపలికి ముడుచుకుని. చెయ్యి వణికితే పోతుంది. ఎనిమిది ఉంటే అది పాత జాతే, ఏ గొడవా లేదు. ఎనిమిది కాకపోతే...

డేవిడ్ స్టాంపు అడిగాడు. ఇచ్చాను. ఏం రాసిండు అన్నాడు. ఏం లేదు, పళ్లు లెక్కపెట్టమన్నాడు అన్నాను.

రేపు మొదటి పీరియడ్ ఖాళీ. నాయినకు చెప్పలేదు.